చెయ్యి కనబడింది

వాన 3,906వ రోజు

రిజిస్టరులో రిమార్కుల గడి వెడల్పు నా బొటనవేలంత. అందులో 'పాచి ఎక్కువ' అని రాస్తే 'గాలి కూడా ఎక్కువ' అని రాయడానికి చోటుండదు. అందుకని ఈ రోజు నుంచి చెప్పుకోవలసినవన్నీ రిజిస్టరు చివర, ఎవరూ తిరగెయ్యని ఖాళీ పేజీల్లో రాస్తాను. ఆఫీసువాళ్ళు పుస్తకాన్ని వెనకనుంచి తెరిచే రకం కాదు. ముందునుంచి తెరిచినా అంకెలు తప్ప చదవరు.

నా పేరు నూకరత్నం. నలభై అంతస్తుల ఏడో బురుజుకి పడమటి గోడ నాది. తొట్టిలో వేలాడుతూ రోజుకి నలభై కిటికీలు కడుగుతాను. ముందు బద్దతో గోకుడు, తర్వాత సబ్బునీళ్ళు, ఆ పైన రబ్బరు పట్టీతో ఒక్క లాగుడు. ఇంత వానలో కిటికీలు కడగడమేమిటని కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు నవ్వుతారు. వాన గాజుని కడగదు, గాజు మీద పాచిని పెంచుతుంది. ఎనిమిది రోజులు వదిలేస్తే బచ్చలాకు నూరి పూసినట్టు అయిపోతుంది. లోపల దీపాలు, చెమ్మ పీల్చే యంత్రాలు అన్నీ ఆ గాజు పట్టే వెలుతురుతోనే నడవాలి కాబట్టి పైవాళ్ళకి మా అవసరం ఉంది. మేమంటే ఇష్టం ఉందని కాదు.

తుడవడం అయ్యాక బద్ద పిడితో గాజు మీద మూడుసార్లు తడతాను. లోపలి మనిషి వచ్చి గాజుకి అరచెయ్యి ఆనించాలి. బయటనుంచి నేను నా చెయ్యి ఆనిస్తాను. అప్పుడు 'చెయ్యి కనబడింది' అనే గడిలో ఒక గీత పెడతాను. రాకపోతే సున్నా. సున్నా పడిన రోజు సాయంత్రం నర్సు వెళ్ళి ఆ గది తలుపు తెరుస్తుంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మా అమ్మమ్మ అంటుండేది. వాన రాకడతో ఇప్పుడు పని లేదు, అది వెళ్తే కదా రావడానికి. రెండోదాని కోసం మమ్మల్ని పెట్టారు.

ఈ రోజు అన్నీ గీతలే. ముప్పై ఒకటో అంతస్తు ఆరో కిటికీకి కూడా గీత పెట్టాను గాని, దాని సంగతి రాయాలి.

ఆ గదిలో జోగినాయుడు గారుంటారు. మా తొట్టివాళ్ళందరి వానకోట్లకీ అతుకులు వేసే దర్జీ. కోట్లు బుట్టలో పైకి వెళ్తాయి, బుట్టలోనే కిందికి వస్తాయి. తొమ్మిదేళ్ళుగా ఎనిమిది రోజులకొకసారి ఆయన్ని చూస్తున్నాను, ఆయన గొంతు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. గాజు అంత మందం. ఆయనకి ఎడమకాలు స్వాధీనంలో లేదు. మిషను నుంచి కిటికీకి ఏడడుగులు. నేను తట్టినప్పుడల్లా కుట్టు సగంలో ఆపి, బల్ల పట్టుకుని, గోడ పట్టుకుని రావాలి. ఏడాది కిందట ఒక రోజు తట్టేసరికి కిటికీకి పసుప్పచ్చ చెయ్యి ఒకటి అతుక్కుని ఉంది. వానకోటు గుడ్డతో కుట్టి, లోపల పేలికలు కుక్కిన తొడుగు. గాలికి తొట్టి ఊగకుండా గాజుకి అంటించుకునే రబ్బరు గిన్నె ఉంటుంది, పాతదొకటి కావాలని ఆయన బుట్టలో చీటీ పెడితే పంపాను. దేనికో అనుకున్నాను. ఆ గిన్నెతోనే తొడుగుని అద్దానికి అంటించారు. వెనకాల మిషను దగ్గర కూర్చుని తలెత్తి, ఏం చేసుకుంటావో చేసుకో అన్నట్టు చూశారు. నాకు నవ్వు ఆగలేదు. నా చెయ్యి ఆ తొడుగుకి ఆనించి గీత పెట్టాను.

అప్పటినుంచి అదే అలవాటు. నేను తడతాను, తొడుగు ఉంటుంది, ఆయన తలెత్తుతారు. నియమం ప్రకారం తప్పే. మనిషి కళ్ళెదుట కనబడుతున్నాడు కదా, ఏడడుగులు నడిపిస్తే ఎవరికి పుణ్యం?

ఈ రోజు లోపలి గాజుకి ఆవిరి పట్టి ఉంది. చెమ్మ పీల్చే యంత్రం పాడైందేమో. తొడుగు బాగానే కనబడింది. దాని వెనక దీపం మసగ్గా, పక్కన నల్లగా ఒక ఆకారం. తలెత్తినట్టే ఉంది.

వాన 3,909వ రోజు

ముసురు. దీనికంటే జడివాన నయం. జడివాన కొట్టి పోతుంది, ముసురు చుట్టంలా కూర్చుంటుంది.

నా కోటు భుజం దగ్గర చిరిగితే నాయుడు గారికి పంపి తొమ్మిది రోజులైంది. అప్పటినుంచి పైడయ్య మావ పాత కోటు తొడుక్కుంటున్నాను. దాంట్లో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు, వాళ్ళతోపాటు నాలుగు బిందెల నీళ్ళూ పడతాయి. పైడయ్య మావ నా తొట్టికి తాడు మనిషి. పైకప్పు మీద గిలక దగ్గర కూర్చుని నన్ను దించుతాడు, లాగుతాడు. ఈ వాన మొదలవకముందు నుంచీ, ఇరవై ఏళ్ళుగా నా ప్రాణం ఆయన చేతిలో ఉంది, ఆయన చేతిలో ఎప్పుడూ చుట్ట కూడా ఉంటుంది. తొట్టిలో ఉన్న చిన్న రేడియోలో ఆయన దగ్గు వినబడితే తాడు దగ్గర మనిషి ఉన్నాడని నాకు ధైర్యం.

"ఏటే రత్నం, కోటు బాగుందా?" అన్నాడు పొద్దున్న.

"నానొక్కదాన్నే మునిగిపోకుండా నిన్ను కూడా తోడు తీసుకెల్తన్నట్టుంది మావా."

"నా కోటుకి వొంకలెడితే తాడొగ్గీగల్ను."

"ఒగ్గీ. కిటికీలు నువ్వు కడుక్కుందువు గాని."

మా ఇద్దరికీ ఇది కాఫీ లాంటిది. అది లేకపోతే పని మొదలవదు.

సాయంత్రం బయటి లిఫ్టులో దిగి ఏడో అంతస్తుకి వచ్చాను. సముద్రం నాలుగో అంతస్తు దాకా ఉంది, పన్నెండు దాకా మేము. మేము తడివాళ్ళం. పదమూడు నుంచి పైన పొడి. తడి మనిషి పొడి గడప తొక్కకూడదు, మా బట్టల్లో పాచి విత్తనాలుంటాయట. తడిబట్ట కట్టుకుంటేనే మడి అని, మడిలో ఉన్నవాళ్ళని ముట్టుకోకూడదని అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు ఆరినవాళ్ళు మడి, తడిసినవాళ్ళు మైల. బట్టలు మారాయి గాని ముట్టుకోకూడదన్న మాట మారలేదు.

వాన 3,914వ రోజు

ఈ వారంలో నవ్విన రోజు ఇదే. రాసి పెట్టుకుంటాను.

పొద్దున్నుంచీ గాలి. పాచి కూడా జిగురుగా ఉంది, ప్రతి గాజుకీ రెండుసార్లు గోకాల్సి వచ్చింది. ముప్పై ఒకటికి వచ్చేసరికి భుజాలు పడిపోయాయి. ఆరో కిటికీకి లోపల ఆవిరి ఎక్కువైంది. దీపం ఉందో లేదో తెలియడం లేదు. తొడుగు మాత్రం దాని చోట అది ఉంది. బద్ద పిడితో మూడుసార్లు తట్టాను.

లోపలనుంచి తిరిగి తట్టారు.

తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ లేదు. గాజు మీద కాదు, కింద ఎక్కడో గోడ మీద. ఇనుముతో కొట్టినట్టు టకటక చిన్న శబ్దం తొట్టి అంచులోకి కూడా వచ్చింది. మూడు కాదు, చాలా. నేను మళ్ళీ మూడు తట్టాను. లోపలనుంచి మళ్ళీ గబగబా కొట్టారు. నేను రెండు తట్టాను. మళ్ళీ కొట్టారు. కోటు అయిపోయిందని చెబుతున్నారేమో, లేక ఇన్నేళ్ళూ నువ్వు తడితే నేను రావాలి, ఈసారి నేను తడతాను, నువ్వు రా అంటున్నారేమో. నాయుడు గారి ఎకసెక్కాలు ఇలాగే ఉంటాయి.

"ఏటి ఆలీసం? గాలి తిరిగిపోతంది, బేగి కానీ," అన్నాడు రేడియోలో పైడయ్య మావ.

"దర్జీ గారు పలకరిస్తన్నాడు మావా. ముచ్చట్లాడతన్నాం."

"ముచ్చట్లు రేపాడుకో. దించీమంటావా?"

"దించీ."

తొడుగుకి చెయ్యి ఆనించి గీత పెట్టాను. తొట్టి ముప్పైకి దిగుతున్నా పైన ఇంకా కొడుతూనే ఉన్నారు. యాభై దాటినా ఆకతాయితనం పోలేదు మనిషికి. ఆ తర్వాత పది కిటికీలు భుజాల నొప్పి లేకుండా కడిగాను.

వాన 3,917వ రోజు

కోట్ల బుట్ట ఖాళీగా వచ్చింది. వరసగా మూడోసారి. పైకప్పు మీద టీ దగ్గర మిగతా తొట్టివాళ్ళు దర్జీని ఆడిపోసుకుంటున్నారు. ఆయనకేం, వెచ్చగా కూర్చున్నాడు, మనం నానిపోతే ఆయనకేంటి అని ఒకరు. పొడివాళ్ళకి మన మాట దున్నపోతు మీద వానే అని ఇంకొకరు.

నాకు కోపం వచ్చింది. "మొన్న నాతో తట్టి మరీ పలకరించాడు. మీకెవులికైనా ఆ పైనున్నోలు ఒక్కసారైనా తట్టేరా?" అన్నాను. అందరూ టీ గ్లాసులు పట్టుకుని లేచారు. గెలిచినట్టే అనిపించింది.

వాన 3,921వ రోజు

రెండు రోజులుగా తుఫాను. తొట్లు దించకూడదని ఆర్డరు. గదిలో కూర్చుని కప్పునుంచి కారే నీళ్ళకి గిన్నెలు పెడుతూ, నిండినవి పారబోస్తున్నాను.

మధ్యాహ్నం నా గది పైన ఎనిమిదో అంతస్తులో ఎవరో నేల మీద కొట్టారు. కారుడు ఎక్కువైతే మేం అలాగే కింది గదికి చెబుతాం, గిన్నె జరుపుకోమని. తలెత్తి చూశాను. ఆ శబ్దం వింటుండగా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

నాయుడు గారు కొట్టింది గోడ అడుగున. కిటికీ కింద, నేలకి జానెడు ఎత్తులో. కుర్చీలోంచి ఏడడుగులు రాలేక తొడుగు కుట్టుకున్న మనిషి, ఎకసెక్కానికి అంత దూరం వచ్చి నేల మీద కూర్చుని గోడ కొడతాడా? కూర్చోలేదు. పడిపోయాడు. పడి, కిటికీ దాకా పాక్కుంటూ వచ్చాడు, నేను వచ్చే రోజని తెలిసి.

నేను తిరిగి తట్టాను. నవ్వుతూ తట్టాను.

పరుగెత్తుకుంటూ పన్నెండో అంతస్తుకి వెళ్ళాను. అక్కడ పొడి ఆఫీసుకి ఒక చిన్న కిటికీ ఉంది, తడివాళ్ళం దాని దగ్గర నిలబడి మాట్లాడాలి. లోపల లెక్కల అధికారి కామేశ్వరి గారున్నారు. ముప్పై ఒకటి–ఆరులో దర్జీ గారికి ఒంట్లో బాగోలేదేమోనని అనుమానంగా ఉందని చెప్పాను. ఆవిడ నా చేతిలోని రిజిస్టరు తీసుకుని ముందునుంచి తిరగేశారు.

"ఏడు రోజుల కిందట చెయ్యి కనబడిందని మీరే గీత పెట్టారు కదమ్మా. అంతకు ముందూ ఉంది. ఏడాదంతా ఉంది. ఏ ఆధారంతో తలుపు తెరిపించమంటారు?"

"కోట్లు రాట్లేదండి."

"కోట్లు రాకపోతే నర్సుని పంపరు. ఇద్దరే నర్సులు, తుఫానులో తొమ్మిది బురుజులు చూడాలి. తొట్లు దిగాక చూసి రాయండి."

ఆ గీత తప్పండి, నేను చూసింది గుడ్డ తొడుగండి అని ఒక్క మాట అంటే ఆవిడ అప్పుడే నర్సుని పంపి ఉండేవారు. దొంగ గీత పెట్టినవాళ్ళకి ఆ రోజే తాడు పోతుంది. తాడు పోతే ఐదో అంతస్తులో నడుముల్లోతు దిగి నీళ్ళు తోడే పని. ఆ మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను. "అలాగేనండి," అని వచ్చేశాను.

ఇది రిమార్కుల గడిలో పట్టదు. ఇక్కడ రాస్తున్నాను. నేను పిరికిదాన్ని.

వాన 3,924వ రోజు

తుఫాను తగ్గింది. తొట్టి వరస ప్రకారం దిగాలి, పైన నలభయ్యో అంతస్తు నుంచి. నేను సరాసరి ముప్పై ఒకటికి దించమన్నాను. పైడయ్య మావ ఎందుకని అడగలేదు.

బయటి పాచి గోకేశాను. గాజు ఇంకా పచ్చగానే ఉంది. పాచి లోపలివైపు కూడా పట్టింది. తొడుగు పచ్చబడి, ఒక పక్కకి వాలి, రబ్బరు గిన్నెకి వేలాడుతోంది. మూడుసార్లు తట్టాను. ఏమీ లేదు. మళ్ళీ తట్టాను.

అప్పుడు కింద చూశాను. ఇరవై ఏళ్ళుగా గాజులు చూస్తున్నదాన్ని, అది నాకు వెంటనే తెలిసింది. కిటికీ అడుగు అంచు వెంట, జానెడు ఎత్తులో, మూరెడు పొడవున గాజు శుభ్రంగా ఉంది. పాచి దానంతటది అలా వదలదు. నేల మీద పడుకున్న మనిషి చెయ్యి ఎత్తి తుడిస్తే ఎంత అందుతుందో అంత. ఆవిరి నీళ్ళు గుడ్డతో తుడుచుకుని పిండుకుని తాగుతున్నాడు. ఆ జానెడు గాజు మీద మళ్ళీ ఆవిరి పట్టలేదు. ఈ పొద్దున్న కూడా తుడిచి ఉండాలి.

"మావా, మడిసున్నాడు. పేనంతో ఉన్నాడు."

"ఆఫీసుకి సెప్పనా?"

"ఒకసారి సెప్పేను. సాల్లే. నాను గాజు తీస్తన్నాను."

రేడియోలో దగ్గు ఆగిపోయింది. గాజు తీయడమంటే వానని పొడి అంతస్తులోకి రానివ్వడం. అంతకంటే పెద్ద నేరం బురుజులో లేదు.

"తాడు పోద్దే రత్నం."

"పోనీ మావా. నీకు మాటొస్తాది గాని. గాలికి రేడియో పలకనేదని సెప్పు."

"నానేటి సెప్పాలో నాకు తెలుసు. కదలకుండా పట్టుకుంటాను. కానీ."

గాజు పగలగొడితే ముక్కలు ఆయన మీదే పడతాయి. లోపలికి తోసినా అంతే. బద్ద అంచుతో నాలుగు వైపులా రబ్బరు కోశాను. రెండు రబ్బరు గిన్నెలు గాజుకి అంటించి, తొట్టి అంచుకి కాలు తన్నిపెట్టి నా వైపుకి లాగాను. మూడో లాగుడికి ఊడింది. మోయలేక వదిలేశాను. ఇరవై ఏడు అంతస్తుల కింద నీళ్ళలో పడింది, తొడుగుతో సహా. చప్పుడు వినబడలేదు, వాన చప్పుడు అంత ఉంది.

కిటికీ ఎక్కి లోపలికి దిగాను. నా వెనకే వాన కూడా దిగింది.

నాయుడు గారు గోడవారగా వెల్లకిలా ఉన్నారు. ఎడమకాలు కాదు, కుడి తుంటి విరిగింది. అది ఉబ్బి నల్లగా అయిపోయింది. పక్కన ఖాళీ అటుకుల డబ్బా, నానిన గుడ్డ, కత్తెర. కత్తెర పిడితో కొట్టిన గోడ అంతా గుంటలు పడి ఉంది. ఒక చోట సున్నం ఊడి ఇటుక కనబడుతోంది. ఆ దెబ్బలు నేను విన్నవాటికంటే చాలా ఎక్కువ. నేను వెళ్ళిపోయాక కూడా కొట్టారు.

కళ్ళు తెరిచి నన్ను చూశారు. గాజు లేకుండా చూడటం ఇద్దరికీ మొదటిసారి.

"తట్టేనమ్మా," అన్నారు. అదీ ఆయన గొంతు. నేననుకున్నదానికంటే సన్నంగా ఉంది.

"ఇన్నాను నాయుడు గారూ."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు. "ఇన్నావా," అన్నారు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నారు.

వానలో వినబడలేదేమోనని అనుకుంటూ బతికారాయన, పది రోజులు. నేను ఒక్క మాటతో అది కూడా లేకుండా చేశాను. అబద్ధం చెప్పాల్సిన చోట చెప్పలేకపోయాను, నిజం చెప్పాల్సిన చోట మింగేశాను. నాకు ఏడుపొచ్చింది, అది కూడా వాన నీళ్ళలో కలిసిపోయింది.

మిషను మీద నా కోటు ఉంది. భుజం అతుకు అయిపోయింది. నేను అడగకపోయినా చేతులకి కొత్త అంచు వేస్తున్నారు. కుడిచెయ్యి అయింది, ఎడమచెయ్యి సూది కిందే ఉండిపోయింది. దారం తెంపి కోటు తెచ్చి ఆయనకి కప్పి, వాన ఆయన మీద పడకుండా కిటికీకి అడ్డంగా కూర్చున్నాను. పైడయ్య మావ కబురు చేసిన నర్సు వచ్చేదాకా నేను ఆయనకి వీపు తిప్పలేదు, ఆయన నా వైపు మొహం తిప్పలేదు.

వాన 3,926వ రోజు

విచారణ. ఆఫీసు చిన్న కిటికీ దగ్గరే, నేను బయట నిలబడి.

కామేశ్వరి గారు చదివారు. గాజు తీసినందుకు, పొడి గడప దాటినందుకు తాడు రద్దు. ముప్పై ఒకటో అంతస్తులో నాలుగు గదులు నెమ్మెక్కాయి. "మీరు ఒక ప్రాణం కాపాడారు, అది కూడా రాశాను. కిందటి ఎనిమిది రోజుల చుట్టులో చెయ్యి కనబడింది కాబట్టి, ఆ తర్వాతే ఎప్పుడో ఆయన పడి ఉంటాడు. ఆ విషయంలో మీ మీద ఏ మాటా లేదు."

ఈసారి మింగలేదు. రిజిస్టరు ఒకసారి తిరగెయ్యండి, వెనకనుంచి అన్నాను. ఆవిడ తిప్పారు. నిలబడే చదివారు, ఈ పేజీలన్నీ. తొడుగు దగ్గర ఆగారు. తట్టిన దగ్గర కుర్చీలో కూర్చున్నారు. తను 'కోట్లు రాకపోతే నర్సుని పంపరు' అన్న చోట చాలాసేపు ఉన్నారు.

తర్వాత స్కేలు పెట్టి ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, మడిచి, చిన్న కిటికీలోంచి నాకు ఇచ్చారు. ఇది కూడా వాటిలో మిగిలిన ఖాళీలోనే రాస్తున్నాను.

"ముందు పేజీలే రిజిస్టరు, నూకరత్నం గారూ. గీతలు అబద్ధమని ఒక్కచోట రాస్తే తొమ్మిది బురుజుల్లో ప్రతి గీతనీ అనుమానించాలి. ప్రతి తలుపూ తెరవాలి. తెరవడానికి మనుషులు లేరు."

"తెరవాలి కదండి మరి?"

ఆవిడ రిజిస్టరు మూసేశారు. చెడ్డ మనిషి కాదు. ఆవిడకి కూడా ఒక తాడు ఉంది, దాన్ని పట్టుకుని ఉంది.

నాయుడు గారు కూడా తడిశారు కాబట్టి ఇక పొడివారు కారు. ఆయన్ని తొమ్మిదో అంతస్తుకి దింపారు. నాకు రెండంతస్తుల పైన. తుంటి అతకదట.

వాన 3,948వ రోజు

ఈ మధ్య రాయలేదు. ఐదో అంతస్తులో నీళ్ళు తోడుతున్నాను. తోడిన నీళ్ళు తోడినట్టే మళ్ళీ వస్తాయి. చేతులు నానిపోయి పెన్ను జారుతోంది.

ఎనిమిది రోజులకొకసారి తొమ్మిదో అంతస్తుకి వెళ్తున్నాను. 3,932న వెళ్ళాను, 3,940న వెళ్ళాను, ఈ రోజు వెళ్ళాను. తలుపు మీద మూడుసార్లు తట్టి నిలబడతాను. ఏమీ ఉండదు. కాసేపు చూసి వచ్చేస్తాను. మూడు సున్నాలు. అన్నం పెట్టే అమ్మాయి వెళ్తూనే ఉంది, మనిషి బాగానే ఉన్నాడట, ఎవరితోనూ మాట్లాడడట.

పైడయ్య మావ చుట్ట కాల్చుకోవడానికి మా అంతస్తుకి వస్తాడు. ఆయన తొట్టికి ఇంకా ఎవరూ దొరకలేదు.

"తడి గదులకి గెడలుండవు కదే. తోసుకునెల్లిపో," అన్నాడు.

"పిలవకుండా ఎలగెల్తాను మావా?"

"అప్పుడు పిలిసేడు గదా, ఎల్లేవా?"

ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను అన్న అతి కఠినమైన మాట అదే. అని, తనే నొచ్చుకుని చుట్ట ఆర్పేసి వెళ్ళిపోయాడు.

వాన 3,956వ రోజు

ఈ రోజు చుట్టు రోజు. నీళ్ళు తోడి, కాళ్ళు కడుక్కుని తొమ్మిదికి ఎక్కాను. నడవలో దీపాలు లేవు, పడమటి గాజుకి పాచి పట్టేసింది, ఎవరూ కడగడం లేదు. ఆయన తలుపు మీద మూడుసార్లు తట్టాను. అలవాటు ప్రకారం ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను.

లోపల ఇనుము గోడకి తగిలిన చప్పుడు. నేలకి దగ్గరగా కాదు, మంచం ఎత్తులో. ఒకసారి. తర్వాత ఇంకోసారి. తర్వాత గబగబా, ఆగకుండా.

నేను తిరిగి తట్టలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

ఆయన మంచం మీద గోడకి ఆనుకుని ఉన్నారు. చేతిలో కత్తెర. ఒళ్ళో నా కోటు, ఎడమచెయ్యి అంచు ఇంకా ఊడే ఉంది. నా వైపు చూడలేదు. సూదీ దారమూ ఉన్న చెయ్యి ముందుకి చాపారు.

"ఈ సీకట్లో ఎక్కట్లేదు," అన్నారు. "ఎక్కించి ఎల్లు."

ఎక్కించాను. వెళ్ళలేదు.